డబ్బా మార్చే ముందు జబ్బు తెలుసుకోండి

గల్ఫ్‌లో మనవాళ్లు ఎక్కువగా చేసే పనుల్లో డ్రైవింగు, మెకానిక్ పని ముందు వరసలో ఉంటాయి. రోడ్డు పని కానివ్వండి, పైపులైను కానివ్వండి, ఎడారిలో కొత్త పని మొదలైతే అక్కడికి అందరికన్నా ముందు చేరేది ఒక ఫోర్ వీల్ డ్రైవ్ బండి. దాని స్టీరింగు పట్టుకునేది చాలాసార్లు మన జగిత్యాల తమ్ముడో, రాయచోటి అన్నో అయి ఉంటాడు. ఆ బండి కింద పొగ గొట్టం మధ్యలో క్యాటలిటిక్ కన్వర్టర్ అనే ఉక్కు డబ్బా ఒకటి ఉంటుంది. అది చెడిపోతే దాని స్థానంలో ఏది పెట్టాలన్నదే ఈ వ్యాసం సంగతి. చూడటానికి చిన్న విషయమే. కానీ దాని చుట్టూ జీతం కోతలున్నాయి, దొంగతనం నిందలున్నాయి, ప్రాణం మీదికి వచ్చే ప్రమాదమూ ఉంది.

నేను చదివింది సివిల్ డిప్లొమా. సౌదీలో రోడ్డు పనుల సైట్లలో సూపర్‌వైజర్‌ని. మెకానిక్‌ని కాకపోయినా, సైట్ బండ్ల రిపేరు కాగితాల మీద సంతకం పెట్టే పని నా నెత్తిన పడింది కాబట్టి ఈ డబ్బా గురించి తెలుసుకోక తప్పలేదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సైట్ బండికైనా సరే కన్వర్టర్ ఉండి తీరాలి. దాని చోట ఖాళీ గొట్టం వెల్డింగ్ చేయించడం తప్పు. కొత్తది కొనేటప్పుడు బండికి సరిపోతుందా లేదా అన్నది మొదట చూడాలి, ధర తర్వాత చూడాలి. ఈ రెంటికన్నా ముందు పాతది ఎందుకు పోయిందో కనుక్కోవాలి.

ఇంతకీ ఆ డబ్బాలో ఏముంది?

సనాయియాలో దీన్ని 'దబ్బత్ తలవ్వుస్' అంటారు. అంటే కాలుష్యం డబ్బా. మన చెవికి అది సగం తెలుగులాగే వినిపిస్తుంది. లోపల తేనెపట్టులాంటి పింగాణి దిమ్మ ఉంటుంది. చదరపు అంగుళానికి 400 దాకా సన్నని రంధ్రాలుంటాయి. వాటి గోడలకు అల్యూమినా పూత, ఆ పూతలో ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే ఖరీదైన లోహాలు కొద్ది గ్రాములు మాత్రమే ఉంటాయి. పెట్రోలు సరిగా మండక మిగిలిన ఆవిరులను, విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్‌ను, నైట్రోజన్ ఆక్సైడ్లను ఇవి నీటి ఆవిరిగా, కార్బన్ డయాక్సైడ్‌గా, మామూలు నైట్రోజన్‌గా మారుస్తాయి. సుమారు 250, 300 డిగ్రీల వేడి అందాక పని మొదలవుతుంది. బాగా వేడెక్కిన మంచి కన్వర్టర్ ఈ విషాల్లో 90 శాతానికి పైగా మార్చేస్తుంది.

అయితే దానికి ఒక షరతు ఉంది. గాలి, పెట్రోలు పాళ్లు సరిగా ఉండాలి. ఒక కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఈ పాళ్లు చూసేందుకే కన్వర్టర్‌కు ముందు ఒక ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. డబ్బా పని చేస్తోందో లేదో చూసేందుకు దాని వెనక ఇంకొకటి. ఇంజిన్ కంప్యూటర్ ఈ రెంటినీ పోల్చుకుంటూ ఉంటుంది. తేడా కనిపిస్తే డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలుగుతుంది, స్కానర్ పెడితే పీ0420 అనో పీ0430 అనో కోడ్ వస్తుంది.

ఆ కోడ్ చూసిన మరుక్షణం 'డబ్బా పోయింది, మార్చెయ్' అనడం మన వర్క్‌షాపుల్లో అలవాటైపోయింది. మొదట అడ్డుకోవాల్సింది ఈ అలవాటునే.

డబ్బా దానంతటది చావదు

కన్వర్టర్‌లో తిరిగే భాగాలేమీ లేవు. అరిగిపోయే బేరింగులు లేవు. ఇంజిన్ బాగుంటే అది బండితో పాటు ఏళ్ల తరబడి బతుకుతుంది. ముందే పోయిందంటే ఇంజిన్ వైపు నుంచో, బయటి నుంచో దాన్ని ఏదో చంపిందన్నమాట.

మొదటి హంతకి మిస్ ఫైర్. స్పార్క్ ప్లగ్గో, కాయిలో పని చేయకపోతే ఆ సిలిండర్‌లో పెట్రోలు మండకుండానే బయటికి వస్తుంది. వేడి కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది. లోపలి వేడి సుమారు 1400 డిగ్రీలు దాటితే పింగాణి కరిగి ముద్దవుతుంది, పొగ దారి మూసుకుపోతుంది. అందుకే మిస్ ఫైర్ ఎక్కువైతే ఇంజిన్ లైటు వెలిగి ఊరుకోదు, మిణుకు మిణుకుమంటుంది. ఆ మిణుకు కనిపించాక కూడా 'సాయంత్రం దాకా నడుపు' అని చెప్పే ఫోర్‌మన్ వేల రియాళ్ల సామాను కాల్చేస్తున్నట్టే.

రెండోది నూనె. ఇక్కడ మన ఎడారికి ప్రత్యేకమైన గొలుసుకట్టు ఒకటుంది. ఇసుక గాలికి ఎయిర్ ఫిల్టర్ తొందరగా నిండుతుంది. దాన్ని మార్చకుండా కంప్రెసర్ గాలి గట్టిగా కొట్టి మళ్లీ పెడతారు. ఆ దెబ్బకు కాగితం చిల్లులు పడుతుంది. సన్నని ఇసుక ఇంజిన్‌లోకి పోతుంది. రింగులు అరుగుతాయి. ఇంజిన్ నూనె తాగడం మొదలుపెడుతుంది. ఆ నూనెలోని ఫాస్ఫరస్, జింక్ కన్వర్టర్ పూత మీద పేరుకుని లోహాలను కప్పేస్తాయి. చూడటానికి డబ్బా బాగానే ఉంటుంది, లోపల మాత్రం పని ఆగిపోయి ఉంటుంది. చివరికి లెక్క తీస్తే, చవకైన ఫిల్టర్ దగ్గర మిగిల్చింది ఖరీదైన కన్వర్టర్ దగ్గర పోయింది.

మూడోది కూలెంట్. హెడ్ గాస్కెట్ లీకైతే రేడియేటర్ నీళ్లలో కలిపే మందు పొగలోకి వచ్చి ఇదే పని చేస్తుంది. నాలుగోది బయటి దెబ్బ. వాదీల్లో రాళ్ల మీద దూకించినప్పుడు డబ్బా సొట్ట పడితే లోపలి పింగాణి పగులుతుంది. వర్షం వచ్చిన రోజున బాగా వేడెక్కిన బండిని ఒక్కసారిగా వరద నీటిలో దింపితే చీలే ప్రమాదమూ ఉంది.

మా సైట్లలో ఒక బండికి ఏడాదిలో రెండుసార్లు కన్వర్టర్ మార్చారు. రెండోసారి కాగితం నా దగ్గరికి వచ్చినప్పుడు ప్లగ్గులు, కాయిళ్లు ఎప్పుడు చూశారని అడిగితే వర్క్‌షాపు దగ్గర జవాబు లేదు. ఒక కాయిల్ వేడెక్కినప్పుడల్లా వదిలేస్తోంది. అది మార్చాకే కథ ముగిసింది. రోగం ఇంజిన్‌లో ఉంచుకుని మందు సైలెన్సర్‌కు వేస్తే ఇంతే.

కొనే ముందు నాలుగు పరీక్షలు

ఒకటి, కోడ్లన్నీ రాసుకోవాలి. పీ0300 వరస కోడ్లు, అంటే మిస్ ఫైర్ కోడ్లు కూడా ఉంటే ముందు వాటి సంగతి తేల్చాలి. కోడ్లు చెరిపేసి బండి అప్పగించడం పరీక్ష కింద లెక్కకు రాదు.

రెండు, గొట్టం లీకులు చూడాలి. జాయింటు దగ్గర చిన్న లీకున్నా బయటి గాలి లోపలికి చేరి సెన్సర్‌ను తప్పుదారి పట్టిస్తుంది. ఒక గాస్కెట్‌తో పోయే పనికి కన్వర్టర్ మొత్తం మార్చిన సందర్భాలు చాలా ఉంటాయి.

మూడు, ఒత్తిడి చూడాలి. ముందు సెన్సర్ ఊడదీసి ఆ రంధ్రంలో ప్రెజర్ గేజ్ బిగిస్తే లోపల దారి మూసుకుందో లేదో తెలుస్తుంది. ఐడిల్‌లో ఒకటిన్నర పీఎస్ఐ దాటినా, 2500 ఆర్‌పీఎంలో మూడు దాటినా అనుమానించాలి. బండి ఎత్తు ఎక్కలేకపోవడం, వేగం పెరగకపోవడం దీని బయటి లక్షణాలు. చల్లారాక డబ్బాను రబ్బరు సుత్తితో తట్టినప్పుడు గలగలమంటే లోపల దిమ్మ పగిలినట్టే.

నాలుగు, వెనక సెన్సర్ వోల్టేజి చూడాలి. మంచి కన్వర్టర్ వెనక అది దాదాపు నిలకడగా ఉంటుంది. పైకీ కిందికీ గబగబా ఊగుతుంటే, లీకులూ లేవని తేలితే, అప్పుడు డబ్బా అలిసిపోయిందని చెప్పొచ్చు.

ఈ నాలుగూ చేయడానికి ఒక పూట చాలు. మంచి మెకానిక్‌కు ఇవేవీ కొత్త కాదు. తొందర పెట్టే మేనేజరు ఆ పూట ఇవ్వకపోవడమే అసలు సమస్య.

మార్కెట్లో దొరికేవి, వాటి లెక్క

డబ్బా పోయిందని నిజంగా తేలాక మన ముందు ఐదు దారులుంటాయి.

కంపెనీ ఒరిజినల్. ధర చూస్తే గుండె ఆగుతుంది. చాలా మోడళ్లకు అది మామూలు డ్రైవరు కొన్ని నెలల జీతం. కానీ లోహాలు నిండుగా ఉంటాయి, కొలత తప్పదు, సెన్సర్ల చోటు మారదు. బండి ఇంకా ఐదారేళ్లు నడవాలంటే ఇదే చౌక పడుతుంది. ఒక పోలిక చెబుతాను. అమెరికాలో కొత్త కార్లకు కంపెనీ అమర్చే కన్వర్టర్‌కు 8 ఏళ్లు లేదా 80 వేల మైళ్ల వారంటీ ఇవ్వాలి. అదే దేశంలో 1986 నాటి విధానం ప్రకారం బయటి తయారీ కన్వర్టర్ 25 వేల మైళ్లు పని చేస్తే చాలు. ధరల్లో అంత తేడా ఎందుకో ఈ రెండు అంకెలు చూస్తే అర్థమవుతుంది.

బయటి కంపెనీల డైరెక్ట్ ఫిట్. అదే బండి కోసం, అవే ఫ్లాంజిలతో, అవే సెన్సర్ రంధ్రాలతో తయారుచేసినవి. వీటిలో మంచివీ ఉన్నాయి, రేకు డబ్బాలూ ఉన్నాయి. యూరప్ ప్రమాణం ప్రకారం పరీక్షించిన వాటి మీద ఈ అక్షరం ముద్ర, ఆర్103 సంఖ్య ఉంటాయి. ఆ ముద్ర చెరగకుండా డబ్బా మీదే ఉందో లేదో చూడాలి, అట్టపెట్టె మీద ఉన్నదాన్ని నమ్మకూడదు. పాత బండికి, మరో రెండు మూడేళ్లు నడిస్తే చాలనుకునే బండికి ఇది న్యాయమైన మధ్యదారి.

యూనివర్సల్. ఏ బండికైనా కోసి వెల్డింగ్ చేసే రకం. మంచి వెల్డరు, కొలత తెలిసిన మెకానిక్ ఉంటే పనికొస్తుంది. కానీ దీన్ని చోటు కుదిరిందని ఇంజిన్‌కు దూరంగా వెనక్కి జరిపి పెడతారు. అక్కడ వేడి చాలదు, పని ఆలస్యంగా మొదలవుతుంది. కిందికి వేలాడేలా పెడితే మొదటి రాయికే పోతుంది. సైట్ బండికి నేను దీన్ని చివరి దారిగానే ఒప్పుకుంటాను.

తషలీహ్ సరుకు. పాత బండ్ల తుక్కు యార్డులో దొరికే వాడిన కన్వర్టర్. బంపరో, తలుపో అయితే తషలీహ్‌లో కొనడం తెలివైన పనే. కన్వర్టర్ విషయంలో మాత్రం కాదు. అది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, ఎంత నూనె తాగిందో పైకి కనిపించదు. లోపల దిమ్మ ఉందో, ముందే ఎవరైనా తవ్వుకుపోయారో కూడా కొన్నిసార్లు తెలియదు.

ఐదోది ఖాళీ గొట్టం. దాని గురించి తర్వాత చెబుతాను.

ఎడారి బండికి కొనేటప్పుడు ఇంకొన్ని చూడాలి. లోపలి దిమ్మ పింగాణిదా, సన్నని లోహపు రేకుదా అని అడగాలి. రేకు దిమ్మ కుదుపులకు, దెబ్బలకు బాగా తట్టుకుంటుంది, దారి కూడా విశాలంగా ఉంటుంది. ఖరీదు ఎక్కువే, కానీ రోజూ రాళ్ల మీద తిరిగే బండికి ఆలోచించదగ్గది. పైన వేడి ఆపే రేకు, అంటే హీట్ షీల్డ్, తప్పక ఉండాలి. నడిచే బండి కన్వర్టర్ వందల డిగ్రీల వేడి మీద ఉంటుంది. దాని కింద ఎండు గడ్డి ఇరుక్కుంటే బండి అంటుకుంటుంది. కింద రాళ్ల దెబ్బ కాచే పలక ఉంటే మరీ మంచిది, అయితే ఆ పలక మీద చేరిన కంపను రోజూ దులపాలి.

ఆర్డరు ఇచ్చేటప్పుడు బండి పేరు, ఏడాది చెబితే చాలదు. ఒకే ల్యాండ్ క్రూయిజర్, ఒకే పెట్రోల్ మోడల్‌లో కూడా ఇంజిన్‌ను బట్టి, ఏ దేశం కోసం తయారైందన్న దాన్ని బట్టి కన్వర్టర్ల సంఖ్య, సెన్సర్ల సంఖ్య మారతాయి. వీ6, వీ8 ఇంజిన్లకు రెండు వైపులా వేర్వేరు డబ్బాలుంటాయి. ఇస్తిమారా మీద ఉన్న చాసిస్ నంబరు, ఇంజిన్ కోడ్ చెప్పి, పాత భాగం మీది నంబరుతో పోల్చి తీసుకోవాలి. డీజిల్ పికప్‌లకు ఈ లెక్క పనికిరాదు. వాటి కన్వర్టర్ వేరు, కొత్త వాటికి మసి ఫిల్టర్ కూడా ఉంటుంది. పెట్రోలు బండిది తెచ్చి డీజిల్‌కు పెట్టడం కుదరదు.

బిగించేటప్పుడు కొత్త గాస్కెట్లు, కొత్త బోల్టులు వాడాలి. పొగ వెళ్లే వైపు చూపే బాణం గుర్తు తప్పకూడదు. సెన్సర్ ముందు జాయింట్లకు మామూలు సిలికాన్ పేస్టు పూయకూడదు, దాని ఆవిరి సెన్సర్‌ను పాడుచేస్తుంది. వెల్డింగ్ ఉంటే బ్యాటరీ వైరు తీసి పని చేయాలి. మొదటిసారి స్టార్టు చేశాక కాసేపు ఐడిల్‌లో వేడెక్కనిచ్చి తర్వాత రోడ్డెక్కాలి.

'సైట్ బండే గదా!'

ఇక ఖాళీ గొట్టం సంగతి. కన్వర్టర్ తీసి లోపలి దిమ్మను రాడ్డుతో పొడిచి రాల్చేస్తారు, లేదంటే మొత్తం కోసి మామూలు పైపు అతికిస్తారు. వెనక సెన్సర్‌ను మోసం చేయడానికి ఒక స్పేసర్ పెడతారు. ఎందుకన్నా ఇట్ల అంటే వచ్చే జవాబు ఒకటే: "సైట్ బండే గదా అన్నా, రోడ్డెక్కేది లేదు, ఎవలు చూస్తరు?"

ఈ వాదనలో మూడు ముక్కలున్నాయి. ఒక్కొక్కదానికి జవాబు చెప్పుకుందాం.

రోడ్డెక్కదు అన్నది సగం నిజం. సైట్ బండి ఎప్పుడో ఒకప్పుడు క్యాంపు మారుతుంది, ఆసుపత్రికి మనిషిని తీసుకెళ్తుంది, ఫహస్‌కు వెళ్తుంది. ఫహస్‌లో పొగ పరీక్ష ఉంటుంది. ఆ రోజు బండి ఫెయిలైతే తిట్లు తినేది గొట్టం కోయమన్న మేనేజరు కాదు, బండి తీసుకెళ్లిన డ్రైవరు.

పవర్ పెరుగుతుంది అన్నది రెండో మాట. మూసుకుపోయిన డబ్బా తీసేస్తే బండికి ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది, నిజమే. కానీ కొత్త మంచి డబ్బా పెట్టినా అలాగే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కన్వర్టర్ వల్ల పోయే శక్తి సైట్ పనిలో తెలిసేంత ఉండదు. పోలిక ఎప్పుడూ చెడిన డబ్బాకూ ఖాళీ గొట్టానికీ మధ్య పెడుతున్నారు. అది న్యాయమైన పోలిక కాదు.

ఎవరు చూస్తారు అన్నది మూడోది. చూసేవాళ్లు లేకపోవచ్చు, పీల్చేవాళ్లు ఉన్నారు. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఉంది. ఆ మూడు గంటలు నీడ దొరకని సైట్లలో మనవాళ్లు ఏం చేస్తారు? బండి ఆన్‌లో పెట్టి, ఏసీ వేసుకుని, అద్దాలు ఎత్తేసి అందులోనే కునుకు తీస్తారు. కన్వర్టర్ లేని పెట్రోలు ఇంజిన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అర శాతం, ఒక శాతం ఉండొచ్చు, పెట్రోలు పాళ్లు ఎక్కువైతే ఇంకా పెరుగుతుంది. ఒక శాతం అంటే 10 వేల పీపీఎం. గాలిలో 1200 పీపీఎం ఉంటేనే తక్షణ ప్రాణాపాయమని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. బయటి గాలిలో అది పలచబడుతుంది నిజమే. కానీ సనాయియాలో అతికించిన గొట్టం కుదుపులకు క్యాబిన్ కిందే విరిగితే? బండి వెనక భాగం గోడకు ఆనించి నిలిపితే? ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం వస్తే ఎండ దెబ్బ అనుకుని ఇంకా గట్టిగా అద్దాలు ఎత్తుకుంటారు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మంచి కన్వర్టర్ ఉన్నా ఆన్‌లో ఉన్న బండిలో నిద్రపోవడం క్షేమం కాదు, మూసిన షెడ్డులో అసలే కాదు. కన్వర్టర్ ప్రమాదాన్ని తగ్గిస్తుంది, తీసేయదు. నీడ షెడ్డు వేయించడం కంపెనీ బాధ్యత. ఆ షెడ్డు వేయకుండా, ఉన్న కన్వర్టర్ కూడా కోసేసి డబ్బు మిగుల్చుకోవడం కార్మికుడి ఊపిరితో చేసే పొదుపు.

దిమ్మను పొడిచి రాల్చే మెకానిక్ సంగతీ చూడండి. ఆ దిమ్మ చుట్టూ పింగాణి నార చాప చుట్టి ఉంటుంది. పొడిచినప్పుడు ఆ నార, ఆ పొడి గాలిలో లేస్తాయి. అలాంటి నారల్లో కొన్ని రకాలను క్యాన్సర్ కారకాలు కావచ్చని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరించింది. మన పిల్లలు ముక్కుకు తువ్వాలు కూడా కట్టుకోకుండా ఆ పని చేస్తున్నారు.

జీతం కోత, దొంగ ముద్ర

కన్వర్టర్ పోయిందనగానే కొన్ని కంపెనీల్లో మొదటి ప్రశ్న 'ఎందుకు పోయింది' అని రాదు, 'ఎవరు నడిపారు' అని వస్తుంది. తర్వాత జీతంలో కోత. సౌదీ కార్మిక చట్టం 91వ అధికరణ ప్రకారం కార్మికుడి తప్పు వల్లనో, సూచనలు ఉల్లంఘించడం వల్లనో యంత్రం పాడైతేనే యజమాని ఆ నష్టం రాబట్టుకోవచ్చు. అప్పుడు కూడా నెలకు ఐదు రోజుల జీతానికి మించి కోయకూడదు. కాయిల్ మార్చకపోవడం, ఫిల్టర్ ఇవ్వకపోవడం డ్రైవరు తప్పు కాదు. కానీ అది నోటి మాటగా చెబితే నిలవదు. ఇంజిన్ లైటు వెలిగిన రోజే లాగ్ బుక్కులో తేదీతో రాయండి, ఫోన్‌లో ఫోటో తీయండి, సూపర్‌వైజర్‌కు మెసేజి పెట్టండి. నాలాంటి సూపర్‌వైజర్లకూ ఇదే మాట చెబుతున్నాను. తమ్ముడు మెసేజి పెడితే చదివి పక్కన పెట్టకండి. సంతకం మనది, కోత వాడిది కాకూడదు.

రెండోది దొంగతనం నింద. ఈ డబ్బాలో ఉన్న రోడియం ధర 2021లో ఔన్సు 25 వేల డాలర్లు దాటింది. తర్వాత చాలా తగ్గినా, పాత కన్వర్టర్‌కు తుక్కు మార్కెట్లో గిరాకీ పోలేదు. డబ్బా తీసి ఖాళీ గొట్టం పెట్టమని సలహా ఇచ్చే కొన్ని వర్క్‌షాపుల ప్రేమ బండి మీద కాదు, ఆ పాత డబ్బా మీద. రేపు ఆడిట్ వచ్చి లెక్క అడిగితే అది ఎటు పోయిందో చెప్పాల్సింది డ్రైవరే. కాబట్టి తీసిన పాత భాగం, దాని నంబరు కనిపించే ఫోటోతో సహా, స్టోరుకు అప్పగించి రసీదు తీసుకోండి. ఖాళీ గొట్టం పెట్టమని ఎవరైనా చెబితే ఆ మాట కాగితం మీద రాసిమ్మని అడగండి. అంత మాట రాసివ్వడానికి చాలామంది ముందుకు రారు, పని అక్కడే ఆగుతుంది.

డబ్బు లేని కంపెనీ సంగతేమిటని ఎవరైనా అడగొచ్చు. చిన్న కాంట్రాక్టర్లున్నారు, బిల్లులు ఆరు నెలలు ఆగుతాయి, ఒరిజినల్ కొనమంటే ఎలా కొంటారు? ఒరిజినలే కొనాలని నేను అనడం లేదు. ముద్ర ఉన్న డైరెక్ట్ ఫిట్ కొనండి. అదీ కష్టమైతే, పరీక్షలు చేయించండి, అసలు మార్చాల్సిన పనే లేకపోవచ్చు. గాస్కెట్, ప్లగ్గులు, ఫిల్టర్ ఖర్చుతో పోయే జబ్బులే ఎక్కువ. ఖాళీ గొట్టం చౌకగా కనిపించేది ఒక్క రోజే. ఇంజిన్ జబ్బు అలాగే మిగిలి పెట్రోలు ఖర్చు రూపంలో ప్రతి రోజూ వసూలవుతుంది.

ఊరికి తీసుకెళ్లే పనితనం

చివరగా మన మెకానిక్ తమ్ముళ్లకు ఒక మాట. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ వచ్చింది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 నిబంధనలు అమల్లో ఉన్నాయి. ఇప్పుడు మన మండల కేంద్రంలో తిరిగే బైకుకూ ఈ డబ్బా ఉంది, సెన్సర్ ఉంది, కోడ్లున్నాయి. పదేళ్లు గల్ఫ్‌లో ఉండి ఊరికి తిరిగొచ్చి షెడ్డు పెట్టుకునే మనిషికి స్కానర్ చదవడం, ఒత్తిడి కొలవడం, జబ్బు మూలం కనుక్కోవడం వస్తే అతనికి పని వెతుక్కుంటూ వస్తుంది. రాడ్డుతో పొడిచి ఖాళీ చేయడం మాత్రమే వస్తే ఆ విద్యకు అక్కడ ఎక్కువ కాలం గిరాకీ ఉండదు. అందుకే ఇక్కడ కంపెనీ ఖర్చు మీద నేర్చుకోగలిగినప్పుడే సరైన పద్ధతి నేర్చుకోండి.

మీ సైట్లో ఈ వారం ఏ బండికైనా ఇంజిన్ లైటు వెలిగి ఉంటే ముందు కోడ్ రాసుకోండి, ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడండి, డిప్ స్టిక్ మీద నూనె మట్టం చూడండి. ఆ మూడూ కాగితం మీద పెట్టి సూపర్‌వైజర్ చేతికివ్వండి. కన్వర్టర్ మాట ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.